నెవిల్ కార్డస్ క్రికెట్ వ్యాసాల సంకలనం దొరికింది, చదివినవాళ్లు ఉంటే చెప్పండి

బెజవాడ_బ్యాక్‌ఫుట్:
మొన్న ఆదివారం లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. నెవిల్ కార్డస్ రాసినవాటిలోంచి రూపర్ట్ హార్ట్-డేవిస్ ఏరి 1949లో వేసిన సంకలనం. 80 రూపాయలన్నాడు, బేరం కూడా ఆడలేదు. మొదటి పేజీలో ఎవరిదో నీలం సిరా సంతకం, కింద "బందరు, 1958". బందరులో అప్పట్లో ఇది కొని చదివిన మనిషి ఎవరా అని ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

నాలుగు రోజులుగా రాత్రిళ్లు చదువుతున్నా. నాకొచ్చిన ఇబ్బంది ఏంటంటే, ఇందులో చాలామంది నాకు తెలియని మనుషులు. లాంకషైర్, యార్క్‌షైర్ జట్ల వాళ్లు, వందేళ్ల కిందటి కౌంటీ మ్యాచ్‌లు. స్కోరు ఎక్కడో ఒక మూల ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. అయినా పుస్తకం పక్కన పెట్టబుద్ధి కావడం లేదు. ఎవరు గెలిచారో తెలియకుండానే మ్యాచ్ అంతా చూసేసినట్టుంది. మొత్తం చదవమంటారా? ఎక్కడ మొదలుపెట్టాలి? నేను చూసిన క్రికెట్ 1996 వరల్డ్ కప్ నుంచే, అంతకు ముందుది నాకు పెద్దగా తెలియదు.

పాత_స్కోరుకార్డు:
తమ్ముడూ, మంచి పుస్తకం దొరికింది నీకు. వరుసగా చదవకు. ఇవి పుస్తకం కోసం రాసినవి కావు, తెల్లారి పేపర్ కోసం రాసినవి. రోజుకొకటి చదువు, టిఫిన్ తింటూ చదువు, అప్పుడే వాటి రుచి తెలుస్తుంది. ఒకేసారి యాభై పేజీలు చదివితే మొహం మొత్తుతుంది. 1920లలో రాసినవైతే మరీ, ప్రతి వాక్యంలో పూలు, ఎండ, సంగీతం. ఆ తొలినాళ్ల రాతలో తీపి ఎక్కువైందని తర్వాత తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. 1930ల్లోవి చిక్కబడ్డాయి, నా లెక్కలో అవే మేలు.

మనిషి గురించి కాస్త తెలిస్తే చదవడం తేలిక. 1888లో మాంచెస్టర్‌లో పుట్టాడు. తండ్రి ఎవరో తెలియని ఇల్లు, పేదరికం. చిన్నప్పుడే బడి మానేసి, ఊళ్లో లైబ్రరీలు పట్టుకుని తనంతట తాను చదువుకున్నాడు. ఒక స్కూల్లో క్రికెట్ కోచ్‌కి సహాయకుడిగా పనిచేశాడు. 1917లో మాంచెస్టర్ గార్డియన్‌లో చేరాడు. 1919లో జబ్బు చేసి కోలుకుంటున్నప్పుడు, గాలి మార్పుగా ఉంటుంది, ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్లి లాంకషైర్ మ్యాచ్ చూసి నాలుగు ముక్కలు రాయమని న్యూస్ ఎడిటర్ పంపాడు. అలా మొదలైంది. సంగీత విమర్శ కూడా ఆయనే రాసేవాడు, 1927 నుంచి ఆ పేపర్‌కి ప్రధాన సంగీత విమర్శకుడు. ఎండాకాలం క్రికెట్, చలికాలం కచేరీలు. 1967లో సర్ బిరుదు, 1975లో పోయాడు.

మొదలుపెట్టడానికైతే 1921 ఈస్ట్‌బోర్న్ మ్యాచ్ చూడు. ఆర్మ్‌స్ట్రాంగ్ కెప్టెన్‌గా ఆస్ట్రేలియా జట్టు ఆ ఏడాది ఇంగ్లండ్‌లో అప్పటిదాకా ఎవరి చేతిలోనూ ఓడలేదు. దాదాపు యాభయ్యేళ్ల ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ ఆర్చీ మెక్‌లారెన్, నేనొక జట్టు కడతాను, వీళ్లని ఓడిస్తాను అన్నాడు. జనం పట్టించుకోలేదు. కార్డస్ నమ్మాడు, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ మెక్‌లారెన్ అంటే ఆయనకి ప్రాణం. ఆఫీసుని ఒప్పించి వెళ్లాడు. మొదటి రోజు మెక్‌లారెన్ జట్టు 43కి ఆలౌట్! అక్కడితో ఆ రిపోర్టరు పరువు పోయిందనే అనుకుంటాం కదా. రెండో ఇన్నింగ్స్‌లో ఆబ్రీ ఫాక్‌నర్ 153 కొట్టాడు, ఆస్ట్రేలియాకి 196 కావాల్సొచ్చింది, 167కి అయిపోయారు. 28 పరుగుల తేడా. స్కోరుకార్డు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. తను ఆరాధించిన మనిషి ఆఖరిసారి మాట నిలబెట్టుకోవడం కళ్లారా చూసినవాడు రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించు.

లెగ్‌కట్టర్_లలిత:
పాత_స్కోరుకార్డు గారూ, మీరన్నవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే కొత్తగా చదివేవాళ్లకి అన్యాయం చేసినట్టు. ఆటగాళ్లు అన్నట్టుగా కార్డస్ రాసిన మాటల్లో చాలా వాళ్లు అన్నవి కావు. ఆయన కల్పించినవి. ఇదేమీ ఎవరో పగబట్టి చెప్పింది కాదు, యార్క్‌షైర్ ఆటగాడు ఎమ్మట్ రాబిన్‌సన్ తనతోనే "నన్ను మీరే పుట్టించారనుకుంటా" అన్నట్టు కార్డసే చెప్పుకున్నాడు. పైగా మామూలు నిజం కన్నా పెద్ద నిజం ఒకటి ఉంటుందని సమర్థించుకున్నాడు.

నేను కాలేజీలో జర్నలిజం చెప్తాను. పిల్లలకి మొదటి రోజు చెప్పేది ఒకటే, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఆ మనిషి నోట్లోంచి వచ్చిన మాటే అయి ఉండాలి. కథ రాస్తే కథ అని రాయండి. పేపర్లో రాసి, తారీఖు వేసి, మనిషి పేరు పెట్టి, అనని మాట అనిపిస్తే అది ఎంత అందంగా ఉన్నా తప్పే. కార్డస్‌ని నేను చదువుతాను, క్లాసులో చదివిస్తాను కూడా, ఈ తప్పుతో సహా చదివిస్తాను.

పాత_స్కోరుకార్డు:
మేడం, తప్పు కాదనను. కానీ ఒక్కటి చూడండి. హెడింగ్లీలో వాన వెలిసిన తర్వాత ఎండ కాస్తుంది. యార్క్‌షైర్ బౌలర్లు విల్‌ఫ్రెడ్ రోడ్స్, ఎమ్మట్ రాబిన్‌సన్ ఇద్దరూ పిచ్ చూడ్డానికి వెళ్తారు. రాబిన్‌సన్ వంగి తడి మట్టిని వేలితో నొక్కి, నాలుగింటికల్లా బంతి తిరగడం మొదలవుతుందంటాడు. రోడ్స్ కూడా వంగి, తనూ నొక్కి చూసి, కాదు ఎమ్మట్, నాలుగున్నర అంటాడు. అంతే. ఆ ఇద్దరూ ఎలాంటి మనుషులో, ఎంత అనుభవం ఉందో, ఇద్దరిలో ఎవరు ఒక మెట్టు పైనో ఆ అరగంట తేడాలో తెలిసిపోతుంది. రోడ్స్ మొదటి తరగతి క్రికెట్‌లో 4 వేలకు పైగా వికెట్లు తీశాడని చెప్తే నాకు ఇంత తెలియదు.

లెగ్‌కట్టర్_లలిత:
నాకూ ఆ ముక్క చాలా ఇష్టమండి. అందుకే ఎక్కువ బాధ. అది జరిగిందో లేదో ఇప్పుడు ఎవరం చెప్పలేం కదా. జరిగే ఉంటే? నిజంగానే రోడ్స్ ఆ మాట అని ఉంటే? కార్డస్ మిగతాచోట్ల కల్పించడం వల్ల ఇది కూడా అనుమానంలో పడిపోయింది. రోడ్స్‌కి దక్కాల్సిన మెచ్చుకోలు కార్డస్ ఖాతాలోకి వెళ్లిపోయింది.

తెనాలి_టెయిలెండర్:
ఆ వేలితో నొక్కి చూసే ముక్క చదవగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. వాన పడిన మర్నాడు చేలోకి దిగి మట్టి చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇంకా పదును రాలేదు, రేపు మధ్యాహ్నానికి అరక కట్టొచ్చు" అనేవాడు. పక్క చేను బాబాయ్ వచ్చి చూసి, లేదన్నయ్యా పొద్దున్నే కట్టొచ్చు అనేవాడు. ఎక్కువసార్లు బాబాయ్ మాటే నిజమయ్యేది.

వాన పడి ఆరుతూ బంతి ఇష్టమొచ్చినట్టు తిరిగే పిచ్‌ని ఇంగ్లీషులో వాళ్లు స్టికీ వికెట్ అంటారే, దానికి తెలుగు ఏంటని చాలా రోజులు వెతుక్కున్నా. బంక పిచ్, జిగురు పిచ్ అని రాసి చూశా, ఏదీ కుదరలేదు. అసలు మాట మన పొలంలోనే ఉంది. తడి ఆరుతూ ఆరుతూ ఒక దశకి రావడమే పదును. పిచ్‌కి పదును వచ్చింది అంటే మా ఊళ్లో పేకాట ఆడే ముసలాయనకి కూడా అర్థమవుతుంది. 1926 ఓవల్ టెస్టు గురించి రాస్తూ ఈ మాట వాడా నా బ్లాగులో. రాత్రి వాన పడి ఎండ కాసిన పిచ్ మీద ఇంగ్లండ్ ఓపెనర్లు హాబ్స్, సట్‌క్లిఫ్ ఇద్దరూ ఆస్ట్రేలియా మీద సెంచరీలు కొట్టిన మ్యాచ్ అది, చివర్లో 48 ఏళ్ల రోడ్స్‌ని మళ్లీ పిలిపిస్తే 4 వికెట్లు తీసి యాషెస్ తెచ్చిపెట్టాడు.

డెస్క్_రాత్రి:
పదును! పదకొండేళ్లు ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో పనిచేశాను, ఈ మాట నాకెప్పుడూ తట్టలేదు.

మన పేజీల గురించి కూడా కాస్త చెప్తాను, ఎందుకంటే కార్డస్‌ని చదివిన ప్రతివాళ్లూ చివరికి "మన తెలుగులో ఇలా ఎవరూ రాయరేంటి" అనే అంటారు. అనే ముందు ఆ రాత్రి ఎలా ఉంటుందో తెలియాలి. రాత్రి తొమ్మిదిన్నర. టీవీ సౌండ్ తగ్గించి ఉంటుంది. పక్కన ఏజెన్సీ కాపీ ఇంగ్లీషులో వస్తూ ఉంటుంది, ముక్కలు ముక్కలుగా. దూరపు జిల్లాల ఎడిషన్ పదింపావుకి వెళ్లిపోవాలి, మ్యాచ్ ఇంకా పదహారో ఓవర్‌లో ఉంది. అందుకని గెలిస్తే ఒక హెడ్డింగు, ఓడితే ఒక హెడ్డింగు రెండూ కొట్టి పెట్టుకుంటాం. "చుక్కలు చూపించాడు", "పరుగుల వరద", "చేతులెత్తేశారు", ఇవన్నీ ఎందుకు పుట్టాయంటే కాలమ్ వెడల్పుకి సరిపోతాయి, ఆలోచించకుండా చేతికొస్తాయి. మ్యాచ్ చూసి రాయడం, ఇంకెక్కడో కూర్చుని రాయడం, రెండూ ఒకటి కావు. మాలో ఎక్కువమందిమి ఆ గ్రౌండ్ మొహం కూడా చూడలేదు. నేను పదకొండేళ్లలో స్టేడియం నుంచి రాసింది ఐదుసార్లు.

కార్డస్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. రోజూ. ఆటలో ఏమీ జరగని గంటలు కూడా చూశాడు. ఆయన పేజీల్లో మంచివన్నీ ఆ ఏమీ జరగని గంటల్లోంచి వచ్చినవేనని నా నమ్మకం.

న్యూజెర్సీ_సూరి:
ఇక్కడ అమెరికాలో ఆటల రాతలో కార్డస్ అంత పేరున్న మనిషి రెడ్ స్మిత్. బేస్‌బాల్ అర్థం చేసుకుందామని మా ఆఫీసు పెద్దాయన ఇచ్చిన పుస్తకంతో మొదలుపెట్టా. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో 1945 నుంచి ఇరవై ఏళ్లకు పైగా, తర్వాత 1971 నుంచి న్యూయార్క్ టైమ్స్‌లో. 1976లో పులిట్జర్ వచ్చింది. 1982 జనవరి 11న వేసిన కాలమ్‌లో, ఇకనుంచి వారానికి నాలుగు కాకుండా మూడే రాస్తానని పాఠకులకి చెప్పాడు. నాలుగు రోజులకి, 15న పోయాడు. అప్పటికి 76 ఏళ్లు.

నాకు ఆయన దగ్గర కార్డస్ కన్నా ఎక్కువ నచ్చేది, మాట తక్కువ. ఇంకొకటి, ఆయన పొరపాట్లు కూడా పేపర్లో అచ్చయి ఉన్నాయి. ముహమ్మద్ అలీ యుద్ధానికి వెళ్లనన్నప్పుడు చాలా కటువుగా రాశాడు, తర్వాతి రోజుల్లో అలీ మీద అభిప్రాయం మార్చుకున్నాడు. అదే మనిషి కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జట్టు యజమానుల మీద కోర్టుకెక్కితే అతని పక్షాన నిలబడ్డాడు. సంకలనం వేసేటప్పుడు మంచివే ఏరి, తప్పుగా రాసినవి వదిలేస్తారు కదా, అది నాకు నచ్చదు. రెండూ పక్కపక్కన పెడితేనే మనిషి ఎదిగింది కనిపిస్తుంది.

మన్యం_మిడాన్:
నాకు కార్డస్‌తో ఉన్న పేచీ వేరు. లలిత గారు చెప్పినదానికన్నా లోతైనదనుకుంటా.

1936 ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టు తీసుకోండి. విజ్జీ కెప్టెన్, మన విజయనగరం వాళ్లే. ఇండియా 203కి ఆలౌట్, ఇంగ్లండ్ 571 కొట్టి డిక్లేర్ చేసింది. ఆ రెండో రోజు, జులై 27న, రెండు జట్లూ కలిపి 588 పరుగులు కొట్టాయి, టెస్టుల్లో ఒక్క రోజులో అన్ని పరుగులు ఇప్పటికీ ఎవరూ కొట్టలేదు. సాయంత్రానికి మర్చంట్, ముస్తాక్ అలీ వికెట్ పడకుండా 190. మర్నాడు ఆ జోడీ 203 దాకా వెళ్లింది. ముస్తాక్ 112, విదేశీ గడ్డ మీద మన మొదటి టెస్టు సెంచరీ. మర్చంట్ 114.

ముస్తాక్ ఆట గురించి కార్డస్ ఏం రాశాడు? అడవిలో వేటకి కదిలే మృగం ఒంటి మెత్తదనం, దాని కింద దాగిన బలం, క్రికెట్‌ని ఏదో వింత కలగా మార్చేశాడు, ఇలా. వినడానికి ఎంత బాగుందో. ఇంగ్లండ్‌కి ఆడిన మన రంజిత్‌సింహ్‌జీ, అదే రంజీ గురించి రాసినా అంతే, తూర్పు నుంచి వచ్చిన వింత వెలుగు, మాయ. మరి అవతలి ఎండ్‌లో మర్చంట్ ఉన్నాడు కదా? పుస్తకంలో గీసినట్టు ఫుట్‌వర్క్, గంటల తరబడి ప్రాక్టీస్, లెక్క ప్రకారం ఆట. ఆయన కూడా తూర్పువాడే. మాయ అన్న ఒక్క మాటతో ముస్తాక్ పడిన కష్టం కూడా కొట్టుకుపోతుంది. ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ హట్టన్ బాగా ఆడితే సాధన అంటారు, మనవాడు బాగా ఆడితే పుట్టుకతో వచ్చిన మణికట్టు అంటారు. ఈ మణికట్టు మాట మన అజహర్ దాకా, లక్ష్మణ్ దాకా వెంటాడింది. లక్ష్మణ్ ఈడెన్‌లో 281 కొట్టాక కూడా ఎంతమంది మణికట్టు అన్నారో గుర్తు చేసుకోండి. పదిన్నర గంటల పైచిలుకు క్రీజులో నిలబడింది మణికట్టు ఒక్కటేనా?

అదే మ్యాచ్‌లో ఇంకొకాయన ఉన్నాడు, ఆయన పేరు మన తెలుగువాళ్లకే తెలియదు. కోటా రామస్వామి. మద్రాసు క్రికెట్‌కి మూలపురుషుడు అనదగ్గ బుచ్చిబాబు నాయుడు కొడుకు, దత్తత వెళ్లి కోటా ఇంటిపేరు వచ్చింది. డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడినవాడు. నలభయ్యేళ్లు దాటాక ఆ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మొదటి టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. ఎడమచేతి వాటం. ఆయన మీద ఎవరైనా ఒక పూర్తి వ్యాసం రాయాలి కదా, నలభయ్యేళ్ల మనిషి ప్యాడ్లు కట్టుకుని మొదటిసారి టెస్టుకి దిగిన సంగతి! 1985లో ఒకరోజు ఇంట్లోంచి బయటికెళ్లి మళ్లీ తిరిగి రాలేదు ఆయన, ఏమయ్యారో ఎవరికీ తెలియదు.

పాత_స్కోరుకార్డు:
మిడాన్ గారూ, మణికట్టు గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇన్నేళ్లుగా ఆ వాక్యాల్ని పొగడ్తలుగానే చదువుకున్నాను, గర్వంగా కూడా ఉండేది. మర్చంట్ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం కలుపుతాను, సమర్థించడానికి కాదు, లెక్కలో ఉండాలని. సి.ఎల్.ఆర్. జేమ్స్ ట్రినిడాడ్ నుంచి 1932లో ఇంగ్లండ్ వచ్చి, నెల్సన్ అనే ఊళ్లో వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టన్‌టైన్ ఇంట్లో ఉంటున్నప్పుడు, ఇంగ్లండ్ బౌలర్ సిడ్నీ బార్న్స్ మీద రాసిన వ్యాసం కార్డస్‌కి పంపాడు. కార్డస్ దాన్ని అచ్చు వేయించి, గార్డియన్‌లో క్రికెట్ రాసే పని కూడా ఇప్పించాడు. ఆ రోజుల్లో ఒక నల్లజాతి మనిషికి ఇంగ్లీషు పేపర్లో క్రికెట్ రాసే ఉద్యోగం చిన్న విషయం కాదు. ఆ జేమ్స్ తర్వాత క్రికెట్‌ని వలస పాలనతో, జాతితో కలిపి ఎలా చూడాలో ప్రపంచానికి చూపించాడు, ఇప్పుడు మీరు చూస్తున్నట్టే.

బెజవాడ_బ్యాక్‌ఫుట్:
అందరికీ థ్యాంక్స్. ఒక పుస్తకం గురించి అడిగితే ఇంత వస్తుందనుకోలేదు. ఈస్ట్‌బోర్న్ స్కోరుకార్డు వెతికి చూశాను గురువు గారూ, 43 ఆలౌట్ చూసి నాకే గుండె ఆగినంత పనైంది. లలిత గారి మాట కూడా మనసులో పెట్టుకునే చదువుతున్నా, కొటేషన్ వచ్చినచోటల్లా పెన్సిల్‌తో చిన్న చుక్క పెడుతున్నా.

డెస్క్_రాత్రి గారిని ఒకటి అడగాలి. మన తెలుగు పేపర్లలో కూడా ఏళ్ల తరబడి ఆదివారం ఆటల కాలమ్ రాసినవాళ్లు ఉన్నారు కదా. అవి పుస్తకంగా ఎందుకు రావు? కథలు వస్తాయి, సినిమా వ్యాసాలు వస్తాయి, సంపాదకీయాలు కూడా వస్తాయి. ఆటలవి నేనైతే చూడలేదు.

డెస్క్_రాత్రి:
రాసినవాళ్ల దగ్గరే ఉండవు బాబూ. నేను రాసినవి నా దగ్గర ఓ ముప్ఫై ఉంటాయేమో. ఇల్లు మారినప్పుడు మిగతావి పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోయాయి, అది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. పైగా ఆటల పేజీ రాతకి విలువ ఉందని మా డెస్కులోనే ఎవరూ అనుకోలేదు. కుర్రాళ్లు చదివి పడేసేది అనేవారు.

మాకు సీనియర్ ఒకాయన ఉండేవారు, పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. ఎప్పుడూ ఆటగాడి బూట్లు చూసి మొదలుపెట్టేవారు. మన జిల్లాలో కబడ్డీ పోటీలకి వెళ్తే, ఓడిపోయిన జట్టు బస్సు కోసం ఎంతసేపు నిలబడిందో రాసేవారు, గెలిచినవాళ్ల ఫొటో ఎలాగూ ఉంటుందని. కార్డస్ పేరు ఆయన విన్నారో లేదో నాకు తెలియదు. ఆయన కాలమ్‌లు కత్తిరించి దాచినవాళ్లు ఎవరైనా ఉంటారని నా ఆశ.

తెనాలి_టెయిలెండర్:
వేటపాలెం సారస్వత నికేతనంలో అడగండి. 1918 నుంచి ఉన్న లైబ్రరీ, పాత తెలుగు పేపర్లు కట్టలు కట్టి బైండు చేసి పెట్టారు. నేను మా తాతగారి ఊరి వార్త ఒకటి కోసం వెళ్లా ఒకసారి. హైదరాబాద్ వాళ్లైతే సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా చూడొచ్చు.

బెజవాడ_బ్యాక్‌ఫుట్:
వేటపాలెం మాకు దగ్గరే, రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. వచ్చే శనివారం వెళ్తున్నా. ముందుగా 1971 ఆగస్టు 25 పేపర్ ఉందేమో అడుగుతా. ముందురోజు ఓవల్‌లో చంద్రశేఖర్ 6 వికెట్లు తీసిన మ్యాచ్‌లో గెలుపు ఫోర్ కొట్టింది మన హైదరాబాద్ ఆబిద్ అలీ కదా. ఆ రాత్రి డెస్కులో కూర్చున్నవాళ్లు ఆ ఫోర్‌ని తెలుగులో ఏమని రాశారో చూడాలి. ఇంకెవరికైనా ఏదైనా తారీఖు కావాలంటే శుక్రవారం లోపు ఇక్కడ పెట్టండి.

తెనాలి_టెయిలెండర్:
ఫోన్ ఫ్లాష్ వాడకు తమ్ముడూ, కిటికీ పక్క బల్ల అడిగి తీసుకో, మధ్యాహ్నం దాకా వెలుతురు బాగుంటుంది. ఆ కాయితం మడత దగ్గర ముట్టుకుంటే రాలిపోతుంది, పేజీ కింద అట్ట పెట్టి రెండు చేతులతో తిప్పు.

డెస్క్_రాత్రి:
1994, 95 డిసెంబర్ ఆదివారాలు, ఆటల పేజీ ఎడమ పక్క కాలమ్. ఏ పేపరో నీకు మెసేజ్ పెడతాను. కబడ్డీ మాట కనిపిస్తే చాలు, ఫొటో తీసి పంపు.